నడక ముందా, భోజనం ముందా?

ఈ నెల ఆరోగ్య పాఠం



ఓ.పి.లో షుగరు, బి.పి., గుండె జబ్బులకు మందులు వాడుతున్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. “నడవమన్నారు గదా డాక్టరు గారూ, తిని నడవాలా, తినకుండా నడవాలా?” ప్రశ్న చిన్నదే. మా దగ్గరకు వచ్చేసరికే చాలామందికి పక్కింటివారు జవాబు చెప్పేసి ఉంటారు. పరగడుపున నడిస్తేనే కొవ్వు కరుగుతుందని ఒకరు, అన్నం తిన్న వెంటనే నూరు అడుగులు వేయాలని ఇంకొకరు, తిన్నాక రెండు గంటలు కదలకూడదని మరొకరు చెబుతారు. చెప్పినవారి ఒంటికి అది సరిపడి ఉండవచ్చు. కాని వారు వాడే మందు వేరు, మీరు వాడే మందు వేరు. వారి గుండె వేరు, మీ గుండె వేరు. తెల్లవారుజామున ఒకే వీధిలో కలిసి నడిచే ఇద్దరు స్నేహితులలో ఒకరికి ఆ నడక ఆరోగ్యాన్నిస్తే, రెండవవారిని అదే నడక స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తీసుకురావచ్చు.

కాబట్టి నడకకు సరైన వేళ ఏదో గడియారం చూసి చెప్పలేము. మీ మందుల చీటీ చూసి చెప్పాలి. ఈ పాఠం చదివేటప్పుడు మీ చీటీ దగ్గర పెట్టుకుంటే మంచిది.

తిన్న తరువాత లోపల ఏమి జరుగుతుంది?

మనం భోజనం చేయగానే కడుపుకు, ప్రేగులకు రక్తం ఎక్కువగా అవసరమవుతుంది. దాన్ని అందించడానికి గుండె మామూలు కంటే కొంచెం ఎక్కువ పని చేస్తుంది. రెండు ఇడ్లీల వంటి తేలికపాటి టిఫిను కడుపులో నుండి త్వరగానే దిగిపోతుంది. కడుపు నిండా తిన్న భోజనానికి మూడు, నాలుగు గంటలు పడుతుంది. నూనె, నెయ్యి, మాంసం ఎక్కువైతే ఇంకా ఆలస్యమే. పెళ్లి విందులో బిర్యానీ తిన్నవారికి సాయంత్రం వరకు ఆకలి వేయకపోవడం అందుకే.

ఆ సమయంలో మనం పరుగెత్తినా, బరువులు ఎత్తినా కాళ్లూ చేతులూ కూడా రక్తం కావాలని అడుగుతాయి. ఆరోగ్యవంతులైన యువకులకైతే డొక్కలో పట్టేసినట్లు నొప్పి, వికారం, పుల్లని త్రేన్పులు వస్తాయి. అంతకు మించి ప్రమాదమేమీ ఉండదు. వారు తేలిక టిఫిను తరువాత ఒక గంట, నిండు భోజనం తరువాత రెండు, మూడు గంటలు ఆగి గట్టి వ్యాయామం చేస్తే సరిపోతుంది. మెల్లగా నడవడానికి వారికి ఏ నియమమూ అవసరం లేదు.

పెద్ద వయసువారి సంగతి వేరు. వారిలో కొందరికి భోజనం తరువాత రక్తం కడుపు వైపు మళ్లినప్పుడు బి.పి. తగ్గిపోతుంది. బి.పి. మాత్రలు వేసుకునేవారిలోనూ, చాలాకాలంగా షుగరు ఉన్నవారిలోనూ ఇది ఎక్కువ. అన్నం తిని లేవగానే కళ్లు తిరిగి పడిపోయి, తుంటి ఎముక విరిగి ఆసుపత్రికి వచ్చే పెద్దలలో కొందరికి అసలు కారణం ఇదే. మీ ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో భోజనం తరువాత తల తిరిగే అలవాటుంటే, తిన్నాక కొంతసేపు కూర్చోనివ్వండి. “అరగాలి, లేచి నడువు” అని తొందర పెట్టకండి. ఒకసారి తినే ముందు, తిన్న గంటకు బి.పి. చూపించండి.

“గ్యాస్” అని పేరు పెట్టుకున్న నొప్పి

ఈ పాఠంలో ఒక్క పేరానే చదివే ఓపిక ఉన్నవారు ఈ భాగం చదవండి.

1768వ సంవత్సరంలో లండన్ నగరంలో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు తోటి వైద్యుల ఎదుట ఒక వ్యాసం చదివాడు. ఛాతీలో బిగబట్టినట్లు వచ్చే ఒక నొప్పిని అందులో వర్ణించి, దానికి యాంజైనా అని పేరు పెట్టాడు. ఆ నొప్పి నడిచేటప్పుడు వస్తుందని, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతున్నప్పుడూ భోజనం చేసిన కొద్దిసేపటికే నడిచినప్పుడూ వస్తుందని, నిలబడిపోతే తగ్గిపోతుందని ఆయన గమనించాడు. అప్పటికి ఇ.సి.జి. లేదు, రక్తపరీక్షలు లేవు. రోగులు చెప్పింది శ్రద్ధగా విని ఆయన ఈ సంగతి పట్టుకున్నాడు. ఇన్ని సంవత్సరాల తరువాత కూడా మన ఓ.పి.లో రోగులు అదే కథ చెబుతున్నారు. కాకపోతే దానికి “గ్యాస్” అని పేరు పెట్టి చెబుతున్నారు.

“అన్నం తిని బజారుకు బయలుదేరితే సగం దూరంలో గుండెల మీద గ్యాస్ పట్టేస్తుందండీ. కాసేపు నిలబడితే త్రేన్పు వచ్చి పోతుంది.” ఈ మాటలు విన్నప్పుడు మేము జెలుసిల్ రాసి పంపించము. ముందు ఇ.సి.జి. తీస్తాము. ఎందుకంటే గ్యాస్ నొప్పికి మీరు నడుస్తున్నారో కూర్చున్నారో తెలియదు. నడిస్తే వచ్చి, నిలబడితే పోయే నొప్పి గుండెకు రక్తం చాలడం లేదని చెప్పే గుర్తు. గుండె రక్తనాళాలు సన్నబడినప్పుడు, కడుపుకూ కాళ్లకూ ఒకేసారి రక్తం పంపే పని గుండెకు భారమవుతుంది. ఆ నొప్పి ఛాతీ మధ్యలోనే ఉండాలని లేదు. ఎడమ చేతిలో, దవడలో, మెడలో, పొట్ట పైభాగంలో ఎక్కడైనా రావచ్చు. స్త్రీలకూ, చాలాకాలంగా షుగరు ఉన్నవారికీ నొప్పి లేకుండానే ఆయాసం, చల్లని చెమట, చెప్పలేని నీరసం మాత్రమే రావచ్చు.

గుండె జబ్బు ఉందని తెలిసినవారు, స్టెంటు వేయించుకున్నవారు, బైపాస్ ఆపరేషన్ అయినవారు భోజనం తరువాత గంటన్నర నుండి రెండు గంటలు ఆగి నడవండి. మెల్లగా మొదలుపెట్టండి. ఒకేసారి కడుపు నిండా తినేకంటే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి. భోజనం చేసి మెట్లు ఎక్కడం, ఎదురుగాలిలో సైకిలు తొక్కడం, నీళ్ల బిందె మోయడం మానుకోండి. ఫిబ్రవరి నెలలో గుణదల మాత ఉత్సవాలకు విజయవాడ వెళ్లి కొండ ఎక్కేవారు మన పాఠకులలో కూడా ఉన్నారు. దారిలో హోటలులో భోజనం చేసి, నేరుగా కొండ మెట్ల దగ్గర దిగడం గుండె రోగులకు ఏమాత్రం మంచిది కాదు.

మీకు నాలుక కింద పెట్టుకునే మాత్ర రాసి ఉంటే నడకకు వెళ్లేటప్పుడు అది జేబులో ఉండాలి. బీరువాలో ఉన్న మాత్ర రోడ్డు మీద పనికిరాదు. నొప్పి వస్తే వెంటనే ఆగి, కూర్చొని, మాత్ర పెట్టుకోండి. నిలబడి పెట్టుకుంటే బి.పి. తగ్గి పడిపోవచ్చు. 5 నిమిషాలలో తగ్గకపోతే 108కి ఫోను చేయండి. ఇంతకు ముందెన్నడూ ఇటువంటి నొప్పి రానివారు, మాత్ర లేనివారు కూడా అంతే. సోడా తాగి చూద్దాం, తెల్లారాక చూద్దాం అని ఎదురు చూడవద్దు.

షుగరు ఉన్నవారికి తిన్న తరువాతి నడక

ఇప్పుడు మంచి మాట. గుండె జబ్బు లేని షుగరు రోగులకు భోజనం తరువాత చిన్న నడక చాలా మేలు చేస్తుంది. మనం తిన్న అన్నం, రొట్టె గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. తినడం మొదలుపెట్టిన గంట, గంటన్నరకు రక్తంలో షుగరు బాగా పైకి వెళుతుంది. సరిగ్గా అప్పుడే కాలి కండరాలు పని చేస్తూ ఉంటే అవి ఆ షుగరును లాక్కుని వాడుకుంటాయి. పని చేస్తున్న కండరానికి ఇన్సులిన్ సహాయం అంతగా అవసరం లేదు. ఇన్సులిన్ సరిగా పనిచేయని వారికి ఇది ఎంత ఉపకారమో ఆలోచించండి.

న్యూజిలాండు దేశంలోని ఒటాగో విశ్వవిద్యాలయం వారు 41 మంది షుగరు రోగుల మీద చేసిన పరిశోధన 2016లో ప్రచురితమైంది. రోజులో ఏదో ఒక వేళ 30 నిమిషాలు ఒకేసారి నడిచినప్పటి కంటే, మూడు పూటలా భోజనం తరువాత 10 నిమిషాల చొప్పున నడిచినప్పుడు తిన్న తరువాతి షుగరు సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తరువాత ఆ తేడా 22 శాతం. నడిచిన మొత్తం సమయం ఒక్కటే, మారింది వేళ మాత్రమే. మనలో చాలామంది రాత్రిపూటే ఎక్కువ అన్నం తిని, టి.వి. ముందు కూర్చొని, అక్కడి నుండి మంచం ఎక్కుతారు. కాబట్టి ఈ లెక్క మనకు బాగా వర్తిస్తుంది.

దీనికోసం బూట్లు, పార్కు అవసరం లేదు. రాత్రి భోజనమయ్యాక 10, 15 నిమిషాలు మాట్లాడుకుంటూ నడిచేంత మెల్లగా వీధి చివరి వరకు వెళ్లి రండి. వీధిలో కుక్కలు, చీకటి భయమైతే డాబా మీద, వరండాలో తిరగండి. పళ్లెం కడగడం, వంటిల్లు సర్దడం, వాకిలి ఊడ్వడం కూడా కూర్చోవడం కంటే నయమే. ఈ విషయంలో ఇంటి మగవారు స్త్రీలకు సహాయపడితే ఇద్దరికీ ఆరోగ్యం!

షుగరుతో పాటు గుండె జబ్బు కూడా ఉన్నవారు పైన గుండె గురించి చెప్పిన నియమమే పాటించాలి. కాలికి పుండు ఉన్నవారు, అరికాళ్లు స్పర్శ కోల్పోయినవారు నడకకు బదులు ఏమి చేయాలో మమ్మల్ని అడగండి.

పరగడుపు నడక ఎవరికి ప్రమాదం?

షుగరు జబ్బు లేనివారు తెల్లవారుజామున పరగడుపున నడిస్తే భయపడవలసింది లేదు. షుగరుకు ఆహార నియమం మాత్రమే పాటిస్తున్నవారు, మెట్‌ఫార్మిన్ మాత్ర ఒక్కటే వాడేవారు కూడా నీళ్లు తాగి అరగంట నడవవచ్చు. వీరికి షుగరు పడిపోవడం అరుదు.

ఇప్పుడు మందుల చీటీ చూడండి. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిపిజైడ్ అనే పేర్లలో ఏదైనా ఉందా? మాత్ర అట్ట మీద కంపెనీ పేరు పెద్ద అక్షరాలతోనూ, మందు పేరు చిన్న అక్షరాలతోనూ ఉంటుంది. చిన్న అక్షరాలు చదివించుకోండి. ఒకే మాత్రలో రెండు, మూడు మందులు కలిసి ఉండడం ఇప్పుడు మామూలే. ఈ మందులు మీరు తిన్నా తినకపోయినా క్లోమం నుండి ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. మాత్ర వేసుకొని, ఏమీ తినకుండా, పైగా నడిస్తే షుగరు మూడు విధాల తగ్గుతుంది. వీటిలో గ్లిబెన్‌క్లమైడ్ ప్రభావం చాలాసేపు ఉంటుంది. వయసు పైబడినవారికి, కిడ్నీలు దెబ్బతిన్నవారికి దానితో ప్రమాదం ఎక్కువ. చాలా ఏళ్లుగా అదే మాత్ర కొనుక్కుంటూ డాక్టరుకు చూపించుకోనివారు ఈ నెలలోనే రండి.

ఇన్సులిన్ వాడేవారికి మరింత జాగ్రత్త అవసరం. మన దగ్గర ఎక్కువమంది 30/70 రకం ఇన్సులిన్ ఉదయం, రాత్రి వేసుకుంటారు. మామూలు 30/70ను భోజనానికి అరగంట ముందు వేసుకోమని చెబుతాము. ఆ అరగంటలోనే చిక్కు వస్తుంది. “ఇంజెక్షన్ చేసుకున్నాను, ఇడ్లీ ఉడికేలోగా ఒక రౌండు నడిచి వద్దాం” అని బయలుదేరతారు. దారిలో తెలిసినవారు కనబడతారు, మాట సాగుతుంది, అరగంట గంట అవుతుంది. ఇంజెక్షన్ తొడకు చేసుకొని ఉంటే నడకకు అది మరింత త్వరగా రక్తంలో కలుస్తుంది. ఇన్సులిన్ వేసుకున్నాక మొదట తినవలసిందే. నడక తరువాత. నడకకు వెళ్లే పూట తొడకు కాకుండా పొట్టకు వేసుకోండి.

ఇంకో సంగతి. ఉదయం 7 గంటలకు వేసుకున్న 30/70లో త్వరగా పనిచేసే భాగం 9 నుండి 11 గంటల మధ్య జోరుగా ఉంటుంది. నిదానంగా పనిచేసే భాగం మధ్యాహ్నం నుండి సాయంత్రం దాకా పనిచేస్తుంది. కాబట్టి మధ్యాహ్న భోజనం ఆలస్యమైన రోజున, సాయంత్రం 5 గంటలకు ఖాళీ కడుపుతో నడకకు బయలుదేరినప్పుడు జాగ్రత్త.

మరి వీరు ఎప్పుడు నడవాలి? టిఫిను తిన్న అరగంట తరువాత మొదలుపెట్టి గంటన్నర లోపల ముగించడం అన్నిటికంటే క్షేమం. అప్పుడు రక్తంలో షుగరు పైకి వస్తూ ఉంటుంది. ఉద్యోగం వల్లనో ఎండ వల్లనో తెల్లవారుజామునే తప్పదనుకుంటే, మందు వేసుకోకముందు నడవండి, బయలుదేరే ముందు ఒక చిన్న అరటిపండు గాని నాలుగు మారీ బిస్కెట్లు గాని తినండి. గ్లూకోమీటరు ఉన్నవారు చూసుకోండి. 90 కంటే తక్కువ ఉంటే ఏదైనా తినకుండా గడప దాటవద్దు. 250 దాటి, వికారం, వాంతులు, విపరీతమైన దాహం కూడా ఉంటే ఆ రోజు నడక మాని ఆసుపత్రికి రండి. షుగరు అంత ఎక్కువ ఉన్నప్పుడు నడిచి తగ్గించుకుందాం అనుకోవడం పొరపాటు. ఇన్సులిన్ చాలని శరీరంలో కష్టమైన వ్యాయామం షుగరును ఇంకా పెంచగలదు.

దేవదూత ఏలీయాను బదరీ వృక్షం క్రింద లేపిన సంగతి మీరు మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో చదివే ఉంటారు. ముందున్న ప్రయాణం పెద్దది గనుక దూత ఆయనకు రెండుసార్లు భోజనం పెట్టి మరీ నడిపించాడు. ప్రవక్తకే అంత ఏర్పాటు జరిగితే, ఇన్సులిన్ వాడే మనకు నాలుగు బిస్కెట్లు నామోషీ కానక్కరలేదు.

షుగరు పడిపోతే

రక్తంలో షుగరు 70 కంటే తగ్గితే తక్కువ అని లెక్క. 54 కంటే తగ్గితే అది గండం. మొదట ఆకలి, చేతులు వణకడం, గుండెదడ, చల్లని చెమటలు వస్తాయి. అప్పుడు పట్టించుకోకపోతే మెదడుకు షుగరు అందక మాట తడబడుతుంది, చూపు మసకబారుతుంది, మనిషి విసుక్కుంటాడు, తూలుతాడు, తిరగబడతాడు. చివరకు ఫిట్స్ రావచ్చు, స్పృహ తప్పవచ్చు. అటెనొలాల్, ప్రొప్రనొలాల్ వంటి మాత్రలు వాడేవారికి దడ, వణుకు తెలియవు. చెమట మాత్రం పడుతుంది. వారు చెమటనే హెచ్చరికగా తీసుకోవాలి.

రోడ్డు మీద ఇలా తూలుతున్న మనిషిని చూసి తాగాడనుకుంటారు. కొన్నిచోట్ల దయ్యం పట్టిందని అనుకుంటారు. మన సంఘాలలో కూడా ఇది జరుగుతున్నది కాబట్టి నొచ్చుకోకుండా చదవండి. షుగరు మందు వాడే మనిషి ఉన్నట్టుండి పిచ్చిగా మాట్లాడితే ముందు నోటిలో చక్కెర వేయండి. ఒకరు ప్రార్థన చేస్తుండగా మరొకరు చక్కెర నీళ్లు తాగించవచ్చు, దానికేమీ అభ్యంతరం లేదు. చక్కెర ఆలస్యమైతే మాత్రం మెదడు దెబ్బతినవచ్చు.

మింగగలిగితే 3 టీస్పూన్ల చక్కెర గాని గ్లూకోజు పొడి గాని నీళ్లలో కలిపి ఇవ్వండి. 15 నిమిషాలు చూడండి. తగ్గకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. తేరుకున్నాక అన్నమో, ఇడ్లీయో, రొట్టెయో పెట్టాలి. లేకపోతే మళ్లీ పడిపోతుంది. చాక్లెట్, మిఠాయి వంటివి ఆ సమయానికి అంత మంచివి కావు. వాటిలోని కొవ్వు వల్ల షుగరు ఆలస్యంగా రక్తంలో చేరుతుంది. వోగ్లిబోస్, అకార్బోస్ అనే మందులు వాడేవారికి మామూలు చక్కెర కూడా సమయానికి పనిచేయదు. వారికి గ్లూకోజు పొడే ఇవ్వాలి. ఈ పేర్లు మీ చీటీలో ఉంటే జేబులో గ్లూకోజు పొట్లం ఉంచుకోండి.

స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయకూడదు. అది ఊపిరితిత్తులలోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108 పిలవండి. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవారు తేరుకున్నా సరే ఆసుపత్రికి తీసుకురండి. గంటల తరువాత మళ్లీ షుగరు పడిపోయే అవకాశం ఉంది.

ఆదివారం, ఉపవాస దినాలు

ఆదివారం ఉదయం మన ఇళ్లలో ఎలా గడుస్తుందో ఆలోచించండి. 7 గంటలకు మాత్ర గాని ఇంజెక్షన్ గాని అయిపోతుంది. పిల్లలను తయారు చేసే హడావిడిలో టిఫిను ఒక కప్పు కాఫీతో సరిపెడతారు. కొందరు ప్రభు సంస్కారం తీసుకునేవరకు ఏమీ ముట్టరు. గుడికి నడిచి వెళతారు. పాటలకు లేచి నిలబడతారు. ఆరాధన ఒంటిగంటకు ముగుస్తుంది, బయట పలకరింపులయ్యాక ఎండలో నడిచి ఇంటికి వస్తారు. అది కూడా ఖాళీ కడుపుతో చేసిన వ్యాయామమే. నడకకు వెళ్లినట్లు ఎవరికీ అనిపించదు, అంతే.

బల్ల దగ్గరకు పరగడుపున రావాలనేది భక్తితో వచ్చిన అలవాటు. దాన్ని మేము చులకన చేయడం లేదు. అయితే మొదటి కొరింథీ పత్రిక 11వ అధ్యాయంలో ఆకలిగా ఉన్నవారు ముందుగా ఇంటిలో తిని రావాలని సలహా ఇచ్చింది పౌలే. రోమన్ కథోలిక సంఘంలో కూడా ఉన్న నియమం దివ్యసత్ప్రసాదానికి ముందు ఒక గంట ఉపవాసమే. వృద్ధులకు, రోగులకు అది కూడా మినహాయింపే. కాబట్టి మందు వేసుకున్నవారు తిని రండి. సంచిలో బైబిలు పక్కన ఒక బిస్కెట్ ప్యాకెట్ ఉండనివ్వండి. అవసరమైతే ప్రసంగం మధ్యలోనైనా తినండి. పాస్టరు గారు ఏమీ అనుకోరు, అనుకుంటే ఈ పత్రిక చూపించండి.

శ్రమ దినాలలో, శుక్రవారపు ఉపవాస కూడికలలో, మంచి శుక్రవారం రోజున ఉపవాసం ఉండదలచిన షుగరు రోగులు కనీసం వారం ముందు డాక్టరుతో మాట్లాడండి. కొందరు ఉండవచ్చు, మందు మోతాదు, వేళ మార్చుకోవాలి. కొందరు ఉండకూడదు. ముఖ్యంగా ఇన్సులిన్ ఎక్కువ మోతాదులో వాడేవారు, ఇంతకుముందు షుగరు పడిపోయి స్పృహ తప్పినవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భవతులు ఉండకూడదు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే కొత్త మాత్రలు వాడేవారు రోజంతా నీళ్లు కూడా లేకుండా ఉపవాసం ఉంటే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదముంది. షుగరు మామూలుగా కనబడుతున్నా ఇది రావచ్చు. ఎవరూ తమంతట తాము మందు ఆపవద్దు. ఉపవాసం ఉన్న రోజున నడక, తోటపని పెట్టుకోవద్దు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటకు నడిచి వెళ్లేవారు ముందు రోజు ఉపవాసం ఉండి, రాత్రి సరిగా తినకుండా బయలుదేరవద్దు.

కూలి పని చేసుకునేవారికి

“మాకు వ్యాయామం ఎక్కడిదండీ, అది పట్నంవాళ్లది” అంటారు పొలం పనివారు. మీ పనే పెద్ద వ్యాయామం. ఉదయం 6 గంటలకు టీ తాగి, మాత్ర వేసుకొని నాట్లకు వెళ్లి, 10 గంటలకు సద్ది విప్పే స్త్రీలకు షుగరు పడిపోవడానికి కావలసినవన్నీ ఒకేచోట కలుస్తాయి. మాత్రను టీతో కాదు, సద్దితో వేసుకోండి. ఇంటి దగ్గరే రాగి జావ గాని చద్దన్నం గాని తిని వెళితే ఇంకా మంచిది. పనిలేని రోజుల్లో వేసుకునే మోతాదే నాట్లు, కోతలు ఉన్న రోజుల్లో ఎక్కువ కావచ్చు. పని మొదలయ్యే నెలలో వచ్చి చెబితే మోతాదు సరిచేస్తాము. పొలంలో కలిసి పనిచేసేవారిలో ఒక్కరికైనా మీకు షుగరు ఉందని తెలిసి ఉండాలి. దాచుకోవలసిన జబ్బు కాదు ఇది.

ఎప్పుడూ లేనిది ఒకరోజు చాలా కష్టపడితే, షుగరు ఆ పూటే కాక రాత్రి నిద్రలో కూడా పడిపోవచ్చు. కండరాలు ఖర్చు చేసుకున్న నిల్వను 24 గంటల వరకు నింపుకుంటూ ఉంటాయి. యువజన శిబిరంలో రోజంతా ఆటలు ఆడిన ఇన్సులిన్ వాడే పిల్లలకు పడుకునే ముందు షుగరు చూసి, పాలు, రొట్టె పెట్టి పడుకోబెట్టండి. శిబిరం నడిపే అన్నయ్యలు, అక్కయ్యలు ఈ సంగతి రాసిపెట్టుకోవాలి.

మీరు అడిగే మరికొన్ని ప్రశ్నలు

తిన్న వెంటనే స్నానం చేస్తే, ఈత కొడితే ప్రమాదమా? స్నానం వల్ల ఏమీ కాదు. నిండు కడుపుతో పిల్లలు కాలువలో ఈతకు దిగితే డొక్క నొప్పి, వాంతి రావచ్చు గనుక గంటసేపు ఆగితే మంచిది. అయితే పిల్లలు మునిగిపోవడానికి అసలు కారణం చూసే పెద్దలు లేకపోవడమే. కడుపు ఖాళీగా ఉన్నా సరే పెద్దలు లేకుండా దింపకండి.

ఎసిడిటీ ఉన్నవారు ఎప్పుడు వ్యాయామం చేయాలి? తిన్న వెంటనే వంగి చేసే వ్యాయామాలు, గుంజిళ్లు వద్దు. నిటారుగా మెల్లగా నడవడం మంచిదే. తిన్న రెండు, మూడు గంటల వరకు పడుకోకుండా ఉండడం అంతకంటే ముఖ్యం.

నడిచేటప్పుడు నీళ్లు తాగవచ్చా? తప్పక తాగండి. వేసవిలో బయలుదేరే ముందు కూడా ఒక గ్లాసు తాగండి. గుండె, కిడ్నీ జబ్బులకు నీళ్లు కొలిచి తాగమని చెప్పినవారు మాత్రం ఆ కొలతలోనే సర్దుకోవాలి.

షుగరు రక్తపరీక్షకు వచ్చే రోజున నడవవచ్చా? పరగడుపు పరీక్షకు వచ్చే రోజున ఉదయపు నడక మానండి, మందు కూడా వేసుకోకుండా ఇంట్లో నుండి తెచ్చుకోండి. రక్తం ఇచ్చాక మందు వేసుకొని టిఫిను తినండి. 30/70 వాడేవారైతే ఇంజెక్షన్‌కూ తిండికీ మధ్య అరగంట ఉండాలి. టిఫిను తరువాత రెండు గంటలకు ఇచ్చే రెండవ పరీక్షకు కాచుకొని ఉన్నప్పుడు ఆసుపత్రి ఆవరణలో గట్టిగా నడిచి షుగరు తగ్గించి చూపించాలని ప్రయత్నించేవారు కొందరున్నారు. మిమ్మల్ని మేము కిటికీలో నుండి చూస్తూనే ఉన్నాము. ఆ నడక రోజూ ఇంటి దగ్గర నడవండి, పరీక్ష రోజున కూర్చోండి.